రంగురంగుల ఆకులు

అమెరికా నుంచి మా అమ్మాయి పంపిన ఫోటోలో 'కోరల్ బెల్స్' ఆకుల్ని చూసి ముచ్చటపడ్డాను. ఒకటి నేరేడుపండు రంగు, ఇంకొకటి నిమ్మపండు రంగు! కాని అవి ఉత్తర అమెరికా చలికి అలవాటుపడ్డ మొక్కలు. అందుకే మా సర్జాపుర ఇంటికి కోలియస్, క్రోటన్ తెచ్చుకున్నాను.

కోలియస్‌కు పొద్దుటి ఎండ చాలు. పూత కనిపించగానే గిల్లేస్తే గుబురుగా పెరుగుతుంది. క్రోటన్‌కు ఎండ బాగా తగిలితేనే రంగులు తేలతాయి. దాని రసం ఒంటికి పడదు, పసిపిల్లలున్న ఇళ్ళలో జాగ్రత్త.

మొన్న సెలవులకు వచ్చిన మనవరాలు కోలియస్ కొమ్మ ఒకటి తుంచి గ్లాసు నీళ్ళలో పెట్టింది. రోజూ లేవగానే "అమ్మమ్మా, వేళ్ళొచ్చాయా?" అని అడిగేది. అది విమానమెక్కిన మర్నాడే వేళ్ళు కనిపించాయి. ఇప్పుడు ఆ కుండీని దాని పేరుతోనే పిలుచుకుంటున్నాను.