పచ్చ గౌను, పోచంపల్లి చీర: బొమ్మలను కంప్యూటర్ ఎలా వెతుకుతుంది?

2023 మార్చి 12, ఆదివారం సాయంత్రం. డల్లాస్‌లోని మా ఇంట్లో పది మందిమి టీవీ ముందు చేరాం. ఆస్కార్ బహుమతుల ఉత్సవం. ఆ ఏడాది ఎర్ర తివాచీ ఎర్రగా లేదు. 1961 తరువాత మొదటిసారి దాని రంగు మార్చి షాంపేన్ రంగు తివాచీ పరిచారు. దాని మీద మన జూనియర్ ఎన్టీఆర్ నల్ల వెల్వెట్ బంద్‌గలా కోటులో నడిచి వచ్చాడు. కోటు భుజం మీద బంగారు రంగు కుట్టుపనితో దూకుతున్న పులి! "నాటు నాటు"కి బహుమతి వచ్చి, ఇంట్లో కేకలన్నీ సద్దుమణిగాక, మా వదిన ఆ కోటు ఫోటో ఒకటి ఫోనుకి చూపించి "ఇదెవరు కుట్టారో చెప్పు" అంది. రెండు క్షణాల్లో గౌరవ్ గుప్తా అనే డిజైనర్ పేరు వచ్చేసింది.

ఇండియా నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చిన మా అమ్మ ఇదంతా గమనిస్తూనే ఉంది. లోపలికి వెళ్ళి ఒక పాత ఫోటో తెచ్చింది. 1983లో తన పెళ్ళినాటిది. ఒంటి మీద పోచంపల్లి పట్టుచీర. ఆ చీర ఎప్పుడో చిరిగిపోయింది. "ఏం రా, గా కోటు దొరికినట్టే నా చీర సుత దొరుకుతదా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి సమాధానం "దొరుకుతుంది", "దొరకదు" రెండూను. ఎందుకో తెలియాలంటే, అసలు కంప్యూటర్ బొమ్మను ఎలా వెతుకుతుందో కాస్త తెలుసుకోవాలి. ఆ కథ కూడా ఒక తివాచీ మీదే మొదలయింది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

ఒక పచ్చ గౌను

2000 ఫిబ్రవరి 23న లాస్ ఏంజెలెస్‌లో గ్రామీ సంగీత పురస్కారాల సభ జరిగింది. దానికి గాయని, నటి జెన్నిఫర్ లోపెజ్ పచ్చటి ఆకుల అచ్చు ఉన్న పల్చటి పట్టు షిఫాన్ గౌను వేసుకుని వచ్చింది. వెర్సాచే సంస్థకి చెందిన డొనటెల్లా వెర్సాచే దాన్ని రూపొందించింది. గౌను ముందుభాగం బొడ్డు దాకా తెరిచి ఉంది. మర్నాటికి ప్రపంచమంతా ఆ గౌను గురించే మాట్లాడుకుంది. చూడనివాళ్ళంతా చూడడానికి గూగుల్‌ని ఆశ్రయించారు.

గూగుల్ అప్పటికింకా ఏడాదిన్నర పసిబిడ్డ. అది ఇవ్వగలిగిందల్లా పది నీలిరంగు లింకులు. జనానికి కావలసింది బొమ్మ. గూగుల్ దగ్గర ఉన్నది మాటల జాబితా. అప్పటివరకు తమకి వచ్చిన ప్రశ్నల్లో అన్నిటికంటే ఎక్కువమంది అడిగినది అదేనని, అడిగినవాళ్ళకి కావలసినదాన్ని నేరుగా చూపించే దారి తమ దగ్గర లేకపోయిందని ఆ సంస్థ మాజీ సీఈవో ఎరిక్ ష్మిట్ 2015లో రాశాడు. చదువు ముగించుకుని కొత్తగా చేరిన హుయికాన్ ఝూ అనే ఇంజనీరు, సూసన్ వొజిస్కీ కలిసి పనిచేయగా, 2001 జులైలో 25 కోట్ల బొమ్మలతో గూగుల్ ఇమేజ్ సెర్చ్ మొదలయింది.

ఒక్క గౌను వల్లే ఇదంతా జరిగిందనడం కొంచెం అతిశయోక్తే. ఆల్టావిస్టా వంటి చోట్ల బొమ్మలు వెతికే సదుపాయం అంతకు ముందే ఉండేది. గౌనుకీ, గూగుల్ కొత్త సేవకీ మధ్య పదిహేడు నెలలు గడిచాయి కూడా. అయితే జనం "చదవడానికి" కాదు, "చూడడానికి" వెతుకుతారన్న సంగతిని ఆ గౌను అందరికీ కనిపించేలా చేసింది.

మొదటి పద్ధతి: బొమ్మను చూడకుండానే వెతకడం

సెర్చ్ ఇంజన్‌కి ఆధారం పదసూచిక. పాఠ్యపుస్తకం చివర "కిరణజన్య సంయోగక్రియ: 14, 37, 52" అని ఉంటుంది చూడండి, అలాంటిదే. ఏ పదం ఏయే వెబ్ పేజీల్లో ఉందో ముందుగానే రాసిపెట్టుకుంటే, మనం అడిగిన వెంటనే చెప్పేయవచ్చు. మరి బొమ్మలో పదాలుండవు కదా?

2001 నాటి ఇంజనీర్లు పట్టుకున్న కిటుకు చాలా తేలిక. బొమ్మను వదిలేసి, బొమ్మ చుట్టూ ఉన్న మాటల్ని చూడడం. ఫైలు పేరేమిటి, కింద ఏం రాసి ఉంది, ఆ పేజీ శీర్షిక ఏమిటి, ఇతరులు ఆ బొమ్మకి ఏ మాటతో లింకు ఇచ్చారు, ఇవీ ఆధారాలు. పెళ్ళిలో తెలియనివాళ్ళు కనిపిస్తే పక్కనున్నవాళ్ళని అడిగి ఆరా తీస్తాం కదా, సరిగ్గా అలాగే.

ప్రసిద్ధుల ఫోటోలకు ఈ పద్ధతి భేషుగ్గా పనిచేస్తుంది. లోపెజ్ ఫోటో ఎక్కడ ఉన్నా పక్కన ఆమె పేరు, వెర్సాచే పేరు ఉంటాయి. మా అమ్మ పెళ్ళి ఫోటో పక్కన ఏముంది? స్కాన్ చేసిన ఫైలుకి కంప్యూటర్ తనకు తోచిన అంకె ఒకటి పేరుగా పెడుతుంది. అంతే. ఆరా తీయడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు.

రెండో పద్ధతి: రంగులు లెక్కపెట్టడం

కంప్యూటర్‌కి ఫోటో అంటే అంకెల పట్టిక. ఒక్కొక్క చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో చెప్పే మూడు అంకెలు ఉంటాయి. ఒక్కొక్కటీ 0 నుంచి 255 లోపు. ఏ రంగు చుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఆ ఫోటోకి ఒక రంగుల చిట్టా తయారవుతుంది. రెండు ఫోటోల చిట్టాలు దగ్గరగా ఉంటే ఆ ఫోటోలు కూడా ఒకేలా ఉన్నాయనుకోవచ్చు. 1990లలో ఐబీఎం వారి క్యూబీఐసీ వంటి వ్యవస్థలు రంగు, ఆకారం, అల్లిక తీరు ఆధారంగా బొమ్మలను వెతికేవి.

ఇందులో చిక్కేమిటో మీరు ఊహించే ఉంటారు. పచ్చ గౌనుకీ, నాట్లు వేసిన వరిచేనుకీ రంగుల చిట్టా దాదాపు ఒకటే! పైగా అదే గౌను ఎండలో ఒకలా, కెమెరా ఫ్లాష్ వెలుగులో ఇంకోలా కనిపిస్తుంది. రంగు లెక్క తెలిసినంత మాత్రాన అది గౌనని కంప్యూటర్‌కి తెలియదు.

మూడో పద్ధతి: చూసి నేర్చుకోవడం

"చీర అంటే ఇలా ఉంటుంది" అని కంప్యూటర్‌కి నియమాలు రాసివ్వడం దాదాపు అసాధ్యం. కుచ్చిళ్ళు ఇన్ని, పైట ఇటువైపు అని ఎన్ని రాసినా, మడతపెట్టిన చీర కనబడగానే ఆ నియమాలన్నీ వీగిపోతాయి. పిల్లలకి మనం నియమాలు చెప్పం. చూపిస్తాం. ఆ దారినే కంప్యూటర్‌కి కూడా నేర్పవచ్చని కొందరు పరిశోధకులు ఎంతో కాలంగా నమ్ముతూ వచ్చారు.

2009లో ఫై-ఫై లీ బృందం ఇమేజ్‌నెట్ అనే పెద్ద ఫోటోల భండారాన్ని వెలువరించింది. కాలక్రమంలో అందులో కోటీ నలభై లక్షల ఫోటోలు చేరాయి. ఏ ఫోటోలో ఏముందో మనుషులే గుర్తించి రాశారు. దాని ఆధారంగా జరిగిన 2012 పోటీలో టొరాంటో విశ్వవిద్యాలయానికి చెందిన క్రిజెవ్‌స్కీ, సట్‌స్కెవర్, హింటన్‌ల న్యూరల్ నెట్‌వర్క్ 15.3 శాతం తప్పులతో నెగ్గింది. రెండో స్థానంలో ఉన్నవారి తప్పులు 26.2 శాతం. అప్పటినుంచీ ఈ రంగం మొత్తం ఆ దారి పట్టింది.

ఇలాంటి నెట్‌వర్క్ ఫోటోని పొరలు పొరలుగా పరిశీలిస్తుంది. మొదటి పొరల్లో గీతలు, అంచులు. తరువాతి పొరల్లో అల్లికలు, మూలలు. ఇంకా పైన కాలరు, పైట, అంచు వంటి భాగాలు. చివరికి ఫోటో మొత్తాన్ని కొన్ని వందల అంకెల వరుసగా కుదించి ఇస్తుంది. దీనినే వెక్టర్ అంటారు. సులువుగా ఉండడానికి మూడే అంకెలు అనుకుందాం. మొదటి చీర (2, 9, 4), రెండో చీర (3, 8, 4), ఒక కోటు (9, 1, 7). బడిలో చదువుకున్న పైథాగరస్ సూత్రం వాడితే చీరల మధ్య దూరం సుమారు 1.4, మొదటి చీరకీ కోటుకీ మధ్య దూరం సుమారు 11. పోలిక అన్నది ఇప్పుడు దూరంగా మారిపోయింది!

మరి ఆ అంకెలు సరిగ్గా వచ్చేలా ఎలా నేర్పుతారు? ఒక తరహాలో మూడేసి ఫోటోలు ఇస్తారు. దుకాణం ఫోటోలోని గౌను, అదే గౌను వేసుకుని వీధిలో నడుస్తున్న మనిషి, మరో గౌను. మొదటి రెండూ దగ్గరయ్యేలా, మూడోది దూరమయ్యేలా నెట్‌వర్క్ లోపలి లెక్కలను లక్షల సార్లు సవరిస్తారు. ఇలాంటి పనికోసమే హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయం వారు 2016లో ఎనిమిది లక్షలకు పైగా దుస్తుల ఫోటోలతో డీప్‌ఫ్యాషన్ అనే భండారాన్ని ప్రకటించారు.

కోట్ల ఫోటోలతో ఒక్కొక్కటిగా దూరం కొలుస్తూ కూర్చుంటే తెల్లవారిపోతుంది. అందుకని దగ్గరి వెక్టర్లను ముందే గుంపులు చేసి పెడతారు. చిరునామా వెతికేటప్పుడు జిల్లా, మండలం, ఊరు, వీధి అని వెళ్ళినట్టు, కంప్యూటర్ కూడా సరైన గుంపులోకి వెళ్ళి అక్కడి ఫోటోలతోనే పోల్చుకుంటుంది. మా వదినకి రెండు క్షణాల్లో జవాబు దొరికిన రహస్యం ఇదే. పులి కోటు ఫోటో దగ్గరున్న వెక్టర్లన్నీ వార్తాపత్రికల ఫోటోలవి. వాటి పక్కనున్న మాటల్లో డిజైనర్ పేరు ఉంది. అంటే మూడో పద్ధతి, మొదటి పద్ధతి కలిసి పనిచేశాయన్నమాట.

అమ్మ చీర

మళ్ళీ మా అమ్మ ప్రశ్నకొద్దాం. పెళ్ళి ఫోటోని స్కాన్ చేసి వెతికితే "అచ్చం ఇలాంటివే" అంటూ వందల చీరలు వచ్చాయి. అదే ఎరుపు, అదే గళ్ళు, అదే అంచు. అమ్మ ముఖం వెలిగిపోయింది. ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఉన్నదాన్ని, ధర మరీ తక్కువనిపించినా, తెప్పించాను. చీర వచ్చాక అమ్మ దాన్ని విప్పి, చేత్తో తడిమి, ఒకసారి తిరగేసింది. వెనకవైపు రంగు వెలిసినట్టుగా ఉంది. "ఇది నేసింది కాదు బిడ్డా, అచ్చేసింది" అని మడతపెట్టి పక్కన పెట్టింది.

పోచంపల్లి చీరలో డిజైను బట్ట మీద వేసేది కాదు. నేయకముందే నూలుకో పట్టుకో ముళ్ళు కట్టి, కట్టినచోట రంగు అంటకుండా అద్దుతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. ఆ దారాలు పడుగులోనూ పేకలోనూ సరైన చోట కలిస్తేనే పువ్వో గడో ఏర్పడుతుంది. దారం వెంట్రుకవాసి జరుగుతుంది కాబట్టి డిజైను అంచులు కాస్త అలుక్కున్నట్టు ఉంటాయి. రంగు దారంలోనే ఉంది కాబట్టి రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ రోజుల తరబడి చేసే పని ఇది. ప్రింటింగ్ యంత్రం అదే బొమ్మను నిమిషాల్లో బట్ట మీద దించేస్తుంది.

ఇక్కడ కంప్యూటర్ చెప్పింది అబద్ధం కాదు. అది కొలిచింది చూపుకి పోలికను మాత్రమే. ఆ కొలతలో నేసిన చీరా, అచ్చువేసిన చీరా పక్కపక్కనే ఉంటాయి. నేసినవారి శ్రమకి ఆ వెక్టర్‌లో అంకె లేదు. ఫలితాలు ఒకే వరుసలో కనబడినప్పుడు కొనేవాళ్ళ కన్ను ధర మీదకే పోతుంది. నష్టపోయేది మగ్గం.

నకలు సమస్య పెద్దవాళ్ళకీ ఉంది. ఆ పచ్చ గౌనునే తీసుకోండి. 2019 సెప్టెంబరులో మిలాన్‌లో జరిగిన ప్రదర్శనలో లోపెజ్ దాని కొత్త రూపాన్ని వేసుకుని నడిచింది. అదే ఏడాది నవంబరులో, తమ గౌనును పోలిన దాన్ని చవకగా అమ్ముతోందంటూ ఫ్యాషన్ నోవా అనే కంపెనీ మీద వెర్సాచే కాలిఫోర్నియాలో దావా వేసింది. 2021లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. అమెరికా కాపీరైటు చట్టం బట్టల కత్తిరింపుకి రక్షణ ఇవ్వదు. బట్ట నుంచి విడదీసి ఊహించగల బొమ్మకో అలంకరణకో అయితే రక్షణ ఉండవచ్చునని 2017లో స్టార్ అథ్లెటికా కేసులో ఇక్కడి సుప్రీం కోర్టు తీర్పునిచ్చింది. పోచంపల్లి ఇకత్‌కి మన దేశంలో భౌగోళిక గుర్తింపు ఉంది. కాని వెర్సాచేకి లాయర్లున్నారు. చిటికి కట్టే ఇంటివాళ్ళకి ఎవరున్నారు?

మనం చేయగలిగింది

వెతకడం మానేయనక్కరలేదు. ఫోను చూపించినదాన్ని మొదటి మెట్టుగా వాడుకుందాం. నచ్చిన చీర కనిపిస్తే, దాని వెనకవైపు ఫోటో, డిజైను అంచుల దగ్గరి ఫోటో పంపమని అమ్మేవారిని అడగండి. పోచంపల్లి ప్రింటు, పోచంపల్లి డిజైను అని రాసి ఉంటే అది నేసినది కాకపోవచ్చని అర్థం చేసుకోండి. భారత ప్రభుత్వం 2006లో ప్రవేశపెట్టిన హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందేమో చూడండి. నేతగాళ్ళకి, సహకార సంఘాలకి ఒక మాట: మీ చీరల ఫోటోల పక్కన ఊరి పేరు, నేత పద్ధతి తప్పక రాయండి. ఇన్ని హంగులొచ్చినా బొమ్మ పక్కనున్న మాటకి విలువ తగ్గలేదని పైన చూశాం కదా.

మా అమ్మ తరంలో వాణిశ్రీ జాకెట్టు కావాలంటే సినిమా చూసొచ్చి దర్జీకి చెప్పేవారు. అతను తలూపి, బట్టను వేళ్ళతో నలిపి చూసి, కుదురుతుందో కుదరదో చెప్పేవాడు. ఆ తలూపడం కంప్యూటర్‌కి నేర్పగలిగాం. వేళ్ళతో నలిపి చూడడం ఇంకా మన పనే. కిందటేడు ఇండియా వెళ్ళినప్పుడు అమ్మా నేనూ పోచంపల్లి వెళ్ళాం. ఆ పెళ్ళి ఫోటో తీసుకునే వెళ్ళాం. అచ్చం అదే చీర దొరకలేదు. దాని దగ్గరి చుట్టం ఒకటి దొరికింది. కొనేముందు అమ్మ దాన్ని రెండుసార్లు తిరగేసి చూసింది.