ఇంటి పన్ను మార్పు.. చెప్పాల్సింది ఓటుకు ముందా, తర్వాతా? మడకశిర నుంచి చూస్తే లెక్క ఇదీ!

మడకశిర: ఎన్నికలొస్తే పథకాల గురించి అందరూ మాట్లాడతారు. పన్ను గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. కానీ 2021 మున్సిపల్ ఎన్నికల్లో ఏపీలో సరిగ్గా ఆ చర్చే నడిచింది. అప్పుడు మొదలైన ఇంటి పన్ను గొడవ ఏంటి? సామాన్యుడి జేబుకు దానికి సంబంధమేంటి?

అసలేం మారింది?

అంతకుముందు ఇంటి పన్నును అద్దె విలువ మీద లెక్కేసేవాళ్లు. అంటే ఆ ఇంటికి ఏడాదికి ఎంత అద్దె రావచ్చో చూసి పన్ను వేసేవాళ్లు. 2020 నవంబరులో వైసీపీ ప్రభుత్వం ఈ పద్ధతిని మార్చింది. స్థలం, కట్టడం కలిపి రిజిస్ట్రేషన్ లెక్కల ప్రకారం ఎంత విలువ చేస్తే దాని మీదే పన్ను అంది. ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం, షాపుల వంటి వాటికి 0.20 నుంచి 2 శాతం అని పరిధి పెట్టింది. 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలే. కొత్త పద్ధతి 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

అప్పుడే ఎందుకు?

కరోనా టైంలో రాష్ట్రాలకు అదనపు అప్పు కావాల్సి వచ్చింది. సంస్కరణలు చేస్తేనే అందులో కొంత అప్పుకు అనుమతి అని కేంద్రం షరతు పెట్టింది. రిజిస్ట్రేషన్ విలువలకు తగ్గట్టు ఆస్తి పన్ను ఉండాలన్నది అందులో ఒకటి. ఆ షరతు పూర్తి చేసిన మొదటి రెండు రాష్ట్రాలు ఏపీ, మధ్యప్రదేశ్. దాంతో ఏపీకి 2,525 కోట్ల అదనపు అప్పు తెచ్చుకునే వీలు దొరికింది.

గొడవ ఎక్కడ?

మున్సిపల్ ఎన్నికలు 2020 మార్చిలోనే మొదలై కరోనాతో ఆగిపోయాయి. పోలింగ్ 2021 మార్చి 10న జరిగింది. మడకశిర నగర పంచాయతీ ఓటర్లు కూడా ఆ రోజే ఓటేశారు. అంటే ఎన్నికలు ఆగిన గ్యాప్‌లో చట్టం మారింది, ఓట్లు పడిన మూడు వారాలకు అమలు తేదీ వచ్చింది.

ఓట్లు అయ్యాక బాదుడు ఖాయమని ప్రతిపక్షాలు ప్రచారం చేశాయి. ఇంటి పన్ను తగ్గిస్తామని టీడీపీ హామీ ఇచ్చింది. వామపక్షాలు ఆందోళనలకు దిగాయి. ఏడాదికి 15 శాతానికి మించి పెరగదు, భయం అక్కర్లేదని ప్రభుత్వం చెప్పింది.

ఇద్దరి మాటా నిజమే. ఎలాగంటే..

ఓ ఇంటి విలువ 10 లక్షలు అనుకుందాం. 0.10 శాతం లెక్కన పన్ను 1,000 రూపాయలు. పాత పన్ను 500 అయితే మొదటి ఏడాది 575, తర్వాత 661, 760, 874.. ఐదో ఏడాదికి 1,000. ఏ ఏడాదికి ఆ ఏడాది చూస్తే పెంపు చిన్నదే. ఐదేళ్లలో మాత్రం డబుల్! మధ్యలో రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే లెక్క ఇంకా పైకి పోతుంది.

మడకశిర లాంటి కరువు ప్రాంతంలో అసలు ఇబ్బంది ఇక్కడే. వాన పడకపోతే వేరుశనగ పోతుంది, బతుకుదెరువుకు బెంగళూరు బస్సెక్కాలి. స్థలం రేటు పెరిగినంత మాత్రాన చేతికి డబ్బు రాదు. మరోవైపు వీధి దీపాలు, డ్రైనేజీ, తాగునీటికి ఊరికి సొంత ఆదాయం కూడా కావాలి. రెండూ కాదనలేనివే.

ముందే చెబితే ఓడిపోతారా?

అలాగని రూలేం లేదు. ఆస్ట్రేలియాలో 1993లో జీఎస్‌టీ తెస్తామని చెప్పి జాన్ హ్యూసన్ ఓడిపోయారు. 1998లో అదే మాట చెప్పి జాన్ హోవార్డ్ గెలిచారు. 2021లో ఏపీలో పన్ను ప్రచారం నడిచినా వైసీపీ దాదాపు క్లీన్ స్వీప్ చేసింది. అదే పార్టీ హయాంలో వచ్చిన చెత్త పన్ను మాత్రం 2024 ఎన్నికల్లో పెద్ద అస్త్రమైంది. గెలిచాక ఆ పన్ను రద్దు చేస్తున్నట్టు సీఎం చంద్రబాబు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ప్రకటించారు.

ఓటరు గుర్తుంచుకోవాల్సింది

పరిధి పెట్టింది రాష్ట్ర ప్రభుత్వం. ఆ పరిధిలో ఊరికి ఎంత శాతం అనేది తీర్మానం చేసేది కౌన్సిల్. అంటే వార్డు ఓటుకూ ఇంటి పన్నుకూ నేరుగా లింకుంది. అభ్యర్థి గడప తొక్కితే మూడు ప్రశ్నలు అడగొచ్చు. ఎంత శాతానికి ఓటేస్తారు? ఐదో ఏడాదికి మా పన్ను ఎంతవుతుంది? ఆ డబ్బుతో మా వీధికి ఏం చేస్తారు?