అదృష్టం గుమ్మం దాకా

మొన్న సెలవులకు మా మనవరాలు హైదరాబాదు నుంచి నరసరావుపేట వచ్చింది. వచ్చీ రాగానే ఒక ఇంగ్లీషు నవల నా చేతికిచ్చి, “అమ్మమ్మా, ఇది చదువు. ఏడవక్కర్లేదు. క్రిస్మస్ ప్రేమకథ” అంది. ఏడవక్కర్లేని ప్రేమకథ ఎలా ఉంటుందో చూద్దామని మధ్యాహ్నం భోజనం కాగానే మొదలుపెట్టాను. సాయంత్రం కాఫీ వేళకు పూర్తయింది.

కథ ఇంతే. పట్నంలో ఉద్యోగం పోయిన అమ్మాయి పండక్కి పుట్టింటికి బయలుదేరుతుంది. దారిలో మంచు కురిసి బండి ఆగిపోతుంది. ఆగిన చోటనే ఒక అబ్బాయి ఉంటాడు. ఉండక ఎక్కడికి పోతాడు? అమ్మాయి తండ్రికీ ఆ అబ్బాయి ఇంటివాళ్లకూ పాత తగాదా. చివరి అధ్యాయంలో అందరూ ఒక్క బల్ల ముందు చేరి భోంచేస్తారు.

“మంచు కురవకపోతే ఈ పెళ్లి అయ్యేది కాదన్నమాట!” అన్నాను నవ్వుతూ.

“అదే లక్ అమ్మమ్మా!” అంది పిల్ల.

ఇంగ్లీషువాళ్లకు ఇటువంటి పుస్తకాలు ప్రతి డిసెంబరులోనూ కొల్లలుగా వస్తాయి. ఈ ముచ్చటకు పాత మూలాలు లేకపోలేదు. 1843 డిసెంబరు 19న డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కారల్’ వెలువడితే, పండగ ముందురోజుకే 6,000 ప్రతులు చెల్లిపోయాయి. అందులోని పిసినారి ముసలాయన మారాడని మనకెలా తెలుస్తుంది? అంతకుముందు కసిరికొట్టిన మేనల్లుడి ఇంటికి తనంతట తానే భోజనానికి వెళతాడు గనుక. 1905లో ఓ హెన్రీ రాసిన కథలో భార్య తన జుట్టు అమ్మి భర్త గడియారానికి గొలుసు కొంటుంది. భర్త ఆ గడియారమే అమ్మి ఆమె జుట్టుకు దువ్వెనలు కొంటాడు. అదృష్టం ఇద్దర్నీ ఏడిపించినా ప్రేమ మాత్రం మిగిలింది. ఈ నాటి సరదా నవలలు ఆ ఏడిపించే ముక్కను తీసేసి, కలిసొచ్చే ముక్కను ఉంచుకున్నాయి.

మన పల్నాడులో మంచు ఎక్కడిది? డిసెంబరులో ఇక్కడ తెల్లగా కనిపించేది చేలల్లో విచ్చిన పత్తి ఒక్కటే. కానీ ఆ నవలకు కావలసిన తక్కిన సరంజామా అంతా మన దగ్గర ఉంది. అదృష్టమంటారా, ఒక్క కోడిపందెంలో ఓడి బ్రహ్మనాయుడి వర్గం మాచర్ల విడిచి ఏడేళ్లు వలస పోయిందని వీరగాథ చెబుతుంది. ఒక పుంజు ఓటమి చివరకు కారంపూడి యుద్ధానికి దారి తీసింది. క్రిస్మస్ అంటారా, 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ పాదిరీ హేయర్ 1849లోనే గురజాల చేరాడు. మన వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా తల్లిదండ్రులు వేర్వేరు కులాలవారు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పంక్తిలో చోటు దొరకని బాధ ఎలా ఉంటుందో ఆయన చెప్పినట్టు ఇంకెవరు చెప్పగలరు?

ఎవరు ఎవరితో కూర్చుని తింటారన్నది ఇక్కడ సరదా విషయం కాదు. మా ఇంట్లో అసలే కాదు.

మా చెల్లెలు గురజాలలో టీచరుగా ఉండగా, తోటి మాస్టారిని 1981లో పెళ్లి చేసుకుంది. ఆయనది రెంటచింతల, క్రైస్తవ కుటుంబం. నాన్నగారు చెన్నకేశవస్వామి భక్తులు, మాంసం ముట్టరు. “ఆ గుమ్మం తొక్కను” అని ఒక్క మాట అన్నారు. మూడేళ్లు ఆ మాట మీదనే నిలబడ్డారు. అమ్మ మాత్రం ప్రతి పండక్కీ ఒక చీర కొని పెట్టెలో దాచేది.

1984 డిసెంబరు 24న నాన్నగారు మాచర్లలో స్వామి దర్శనం చేసుకుని సాయంత్రం తిరుగుబస్సు ఎక్కారు. చీకటి పడే వేళకు అది రెంటచింతలలో చెడిపోయింది. మరో బస్సు తెల్లవారితే గాని లేదు. చలికి కండువా కప్పుకుని ఆయన ఒక అరుగు మీద కూర్చున్నారు. ఇళ్ల ముందు వెదురుబద్దల కాగితపు నక్షత్రాలు వెలుగుతున్నాయి. పిల్లలు గుంపుగా పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఆ పిల్లల వెంట లాంతరు పట్టుకుని వస్తున్నవాడు ఎవరనుకున్నారు? మా మరిదే!

అతను ఒక్క క్షణం ఆగి, “మావయ్యగారూ, చలిగా ఉంది. ఇంటికి రండి” అన్నాడు. నాన్నగారు పలకలేదు. అతను వెళ్లిపోలేదు. లాంతరు కింద పెట్టి పక్కనే నిలబడ్డాడు. పావుగంట అలాగే గడిచిందట. చివరకు పాటల పిల్లలే పోయి ఇంట్లో చెప్పారు.

మా చెల్లెలి అత్తగారు వచ్చింది. “అన్నయ్యగారూ, మీ మనవరాలికి ఇవాళ నడక వచ్చింది. చూసి వెళుదురుగాని” అంది. అంతే, నాన్నగారు లేచారు.

ఆ ఇంట్లో పండక్కి కోడికూర వండుతున్నారు. ఆమె మాట్లాడకుండా వేరే పొయ్యి మీద పప్పు వండి, కొత్త విస్తరి వేసి, గడ్డపెరుగు పెట్టింది. వాళ్లంతా దూరంగా నిలబడ్డారు. నాన్నగారు అన్నం కలిపిన చేయి ఆపి, “నేనొక్కణ్ణే తింటే ఎట్లాగమ్మా? మీరూ కూర్చోండి” అన్నారు. మా చిన్నతనంలో కారంపూడి తిరునాళ్లకు తీసుకువెళ్లి, బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టిన చాపకూడు కథ మాకు చెప్పింది ఆయనే. ఆ కథ అంతవరకూ ఆయనకు తన సంగతిగా తోచలేదు కాబోలు.

మర్నాడు అరిసెల మూటతో ఇల్లు చేరారు. అమ్మ మూట విప్పి, ఒకటి తుంచి నోట్లో వేసుకుని, “నువ్వులు బాగా పట్టించారు” అంది. సంక్రాంతికి చెల్లెలు కాపురానికి వెళ్లాక మొదటిసారి పుట్టింటికొచ్చింది. అమ్మ పెట్టె తెరిచి దాచిన చీరలన్నీ దాని ఒళ్లో పోసింది.

ఇదంతా విని మా మనవరాలు, “బస్సు చెడిపోవడం ఎంత లక్!” అంది.

“బస్సు ఊళ్లో దింపింది, అంతేనే. లాంతరు పట్టుకుని పావుగంట నిలబడ్డది మనిషి. వేరే పొయ్యి వెలిగించిందీ మనిషే” అన్నాను.

పిల్ల కాసేపు పమిట కొంగులాగా చున్నీ చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తరవాత మెల్లిగా, “అయితే అమ్మమ్మా, ఈ నవల తాతయ్య కూడా చదివితే బాగుంటుందేమో కదూ?” అంది.

పెట్టెడు పుస్తకాల్లో ఏరి అదొక్కటే నా చేతికెందుకిచ్చిందో అప్పుడు గాని నాకు తెలియలేదు! ఆ అబ్బాయి ఎవరు, ఏ ఊరు అని ఇంకా అడగలేదు. ఈ పండక్కి ఎలాగూ రెంటచింతల వెళుతున్నాం. ఇంకో విస్తరి ఎక్కువ వేయమని మా చెల్లెలికి ఫోను చేసి చెప్పాను.