పోర్టు పెట్టేది నగరంలో.. కాపాడుకోవలసింది ఊళ్లో

కీమోథెరపీ తొలి విడతకు ముందు రోగులు, ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

క్యాన్సర్ అని తేలిన తరువాత మందు పేరు, ఖర్చు, జుట్టు రాలుతుందా అన్న ప్రశ్నల నడుమ వైద్యులు చెప్పే ఒక మాట చాలామందికి కొత్తగా వినిపిస్తుంది. అదే 'పోర్టు'. ఛాతీలో చిన్న పరికరం అమర్చాలి, సంతకం పెట్టండి అనగానే జబ్బు ముదిరిందేమోనని కంగారు పడేవారు ఎందరో. నిజానికి పోర్టు జబ్బు తీవ్రతకు గుర్తు కాదు. మందును సురక్షితంగా రక్తంలోకి చేర్చే ద్వారం మాత్రమే. దానిని అమర్చే పని సాధారణంగా గంటలోపే ముగుస్తుంది. ఆ తరువాత నెలల తరబడి దానిని కాపాడుకోవలసింది రోగి, ఇంటివారు, ఊళ్లో సూది వేసేవారు. చిన్న ఏమరుపాటు ప్రాణం మీదకు తెచ్చేది కూడా అక్కడే.

చేతి నరం ఎందుకు చాలదు?

వాడుకలో మనం నరం అని పిలిచే చేతి సిర సన్నగా ఉంటుంది. అందులో రక్తం నెమ్మదిగా ప్రవహిస్తుంది. కీమో మందుల్లో కొన్ని ఘాటైనవి. ఎర్రగా ఉండే డాక్సోరూబిసిన్, రక్త క్యాన్సర్లలో వాడే విన్‌క్రిస్టిన్ వంటివి సిర నుంచి బయటకు కారితే చుట్టూ ఉన్న చర్మం, కండ కాలినట్లు పుండు పడతాయి. మానడానికి నెలలు పడుతుంది. ఒక్కోసారి శస్త్రచికిత్స అవసరమవుతుంది. మందు బయటకు కారకపోయినా, రెండు మూడు విడతలు గడిచేసరికి చేతి సిరలు గట్టిపడి తాళ్లలా తయారవుతాయి. అప్పుడు నర్సు ఒక్క సిర కోసం నాలుగైదు చోట్ల గుచ్చవలసి వస్తుంది.

గుండెకు చేరే ఊర్ధ్వ మహాసిరలో రక్త ప్రవాహం ఎంతో ఎక్కువ. అక్కడికి చేరిన మందు క్షణాల్లో పలచబడుతుంది. సిర గోడకు హాని తగ్గుతుంది. పోర్టు ఉద్దేశం అదే. చర్మం కింద పూర్తిగా దాగి ఉండే ఈ పరికరం 1980లలో వాడుకలోకి వచ్చింది. నేడు ప్రపంచవ్యాప్తంగా క్యాన్సర్ ఆసుపత్రుల్లో సాధారణమైపోయింది.

లోపల ఏముంటుంది?

పోర్టులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి రూపాయి బిళ్లంత వెడల్పున్న చిన్న గది. దీనిని టైటానియంతో గానీ, గట్టి ప్లాస్టిక్‌తో గానీ తయారు చేస్తారు. దాని పైకప్పు సిలికాన్ పొర. సూది దిగితే తెరుచుకుంటుంది, తీయగానే మూసుకుంటుంది. రెండోది ఆ గదికి అతికించిన సన్నని మెత్తని గొట్టం. దాని కొస గుండె పై గది దగ్గర, మహాసిర చివర ఉంటుంది. అమర్చిన తరువాత బయటకు ఏదీ వేలాడదు. కాలరు ఎముక కింద చర్మం కొద్దిగా ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, అంతే.

అమర్చేది ఇలా..

చాలామందికి ఆ భాగం వరకు మాత్రమే మత్తు ఇచ్చి, అవసరమైతే కాస్త నిద్ర మందు కలిపి అమర్చుతారు. చిన్న పిల్లలకు పూర్తి మత్తు అవసరం. అల్ట్రాసౌండ్ సాయంతో మెడ దగ్గరి సిరను గానీ, కాలరు ఎముక కింది సిరను గానీ గుర్తించి గొట్టాన్ని లోపలికి పంపుతారు. ఛాతీ మీద చిన్న కోత పెట్టి గదిని చర్మం కింద అమర్చి కుట్లు వేస్తారు. గొట్టం కొస సరైన చోట ఉందో లేదో ఎక్స్‌రేతో చూసుకున్న తరువాతే మందు ఎక్కిస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు.

రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి సాధారణంగా జబ్బు లేని వైపున అమర్చుతారు. ఎప్పుడూ సంచి తగిలించుకునే భుజం ఏదో, బరువు మోసే పని ఉందో లేదో ముందే వైద్యుడికి చెబితే చోటు ఎంచుకోవడం సులువు.

ఏ ప్రక్రియకైనా ఉన్నట్లే దీనికీ కొన్ని ముప్పులు ఉన్నాయి. రక్తస్రావం, ఊపిరితిత్తి పొరల మధ్యకు గాలి చేరడం, గొట్టం పక్కకు జరగడం, గొట్టం చుట్టూ రక్తం గడ్డకట్టడం, సూక్ష్మజీవులు చేరడం వాటిలో ముఖ్యమైనవి. ఇవి తక్కువ మందిలోనే వస్తాయి. అయినా ఆయాసం, ఛాతీలో నొప్పి, పోర్టు ఉన్న వైపు చెయ్యి, మెడ, ముఖం వాయడం, కుట్ల దగ్గర ఎర్రబారి చీము పట్టడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి ముందుగానే చెప్పాలి. వాటిని ఆపాలా, ఎప్పుడు ఆపాలి అన్నది వైద్యుడే నిర్ణయించాలి. గుండెలో స్టెంటు ఉన్నవారు సొంతంగా మాత్ర మానడం ప్రమాదకరం.

అందరికీ అవసరమా?

అవసరం లేదు. కొన్ని విడతలు మాత్రమే, ఘాటు తక్కువ మందులతో చికిత్స పొందేవారికి చేతి సిర సరిపోవచ్చు. మాత్రల రూపంలో మందు తీసుకునేవారికి పోర్టుతో పనే ఉండదు. కొందరికి మోచేతి పైభాగం నుంచి పంపే 'పిక్' గొట్టం పెడతారు. దాని ఖర్చు తక్కువ. కానీ కొస చర్మం బయటే ఉంటుంది కాబట్టి వారానికోసారి కట్టు మార్చాలి, స్నానంలో తడవకుండా చూసుకోవాలి. రోజూ పొలం పనులకు వెళ్లేవారికి అది కష్టం. పెద్దపేగు క్యాన్సర్‌లో రెండు రోజుల పాటు చుక్కలు చుక్కలుగా మందు ఎక్కించే పద్ధతి ఉంది. పోర్టుకు చిన్న మందు సీసా తగిలించి ఇంటికి పంపిస్తారు. అటువంటి వారికి పోర్టు పెద్ద సౌకర్యం. ఎన్ని విడతలు, ఏ మందు, ఎన్నాళ్లు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే పోర్టు అవసరమో కాదో వైద్యునితో మాట్లాడుకోవచ్చు.

మామూలు సూదితో గుచ్చరాదు

ఇంటికి వచ్చిన తరువాత గుర్తుంచుకోవలసిన మొదటి నియమం ఇదే. పోర్టుకు 'హ్యూబర్' అనే ప్రత్యేకమైన సూది వాడాలి. దాని మొన వంగి ఉంటుంది. సిలికాన్ పొరను కోయకుండా చీల్చుకుని దిగుతుంది. మామూలు ఇంజెక్షన్ సూది ఆ పొర నుంచి చిన్న ముక్కను తవ్వుతుంది. పొరకు చిల్లి పడితే తరువాత ఎక్కించే మందు చర్మం కిందకు కారుతుంది.

నీరసంగా ఉందని ఊళ్లో సెలైన్ పెట్టించుకోవడం మన పల్లెల్లో మామూలే. చేతికి సిర దొరకలేదని పోర్టులోకే సూది దింపే సాహసం ఎవరినీ చేయనీయవద్దు. గ్రామాల్లో ప్రాథమిక వైద్యం చేసేవారు, అనుభవమున్న కాంపౌండర్లు సైతం ఈ పని శిక్షణ లేకుండా చేయరాదు. దీనికి శుభ్రమైన చేతి తొడుగులు, క్రిమినాశక ద్రవం, సరైన సూది, 10 మిల్లీలీటర్లు లేదా అంతకన్నా పెద్ద సిరంజి ఉండాలి. చిన్న సిరంజితో నొక్కితే ఒత్తిడి పెరిగి గొట్టం చిట్లవచ్చు. మందు ఎక్కించే ముందు నర్సు సిరంజిని వెనక్కి లాగి రక్తం వస్తోందో లేదో చూస్తారు. చూడకపోతే అడిగే హక్కు రోగికి ఉంది.

కుట్లు మానే వరకు గాయం తడవకుండా చూసుకోవాలి. తరువాత తలస్నానంతో సహా అన్నీ మామూలుగానే చేయవచ్చు. మొదటి రెండు వారాలు బిందెలు, బస్తాలు ఎత్తరాదు. అలాగని చెయ్యి కదపకుండా బిగించి ఉంచకూడదు, భుజం పట్టేస్తుంది. చికిత్స లేని రోజుల్లో గొట్టం మూసుకుపోకుండా పోర్టును శుభ్రం చేయించాలి. ఇది నెలకోసారి అని కొన్ని ఆసుపత్రులు, మూడు నెలలకోసారి అని మరికొన్ని చెబుతున్నాయి. తమ ఆసుపత్రి చెప్పిన తేదీని క్యాలెండరుపై రాసి పెట్టుకోవడం మంచిది.

తొలి విడతకు ముందు

మందు మోతాదును రోగి ఎత్తు, బరువును బట్టి లెక్కిస్తారు. అందుకే ప్రతి విడతకు బరువు చూస్తారు. రక్తకణాల సంఖ్య, మూత్రపిండాలు, కాలేయం పనితీరు, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు చేస్తారు. హెపటైటిస్ బి పరీక్షను తేలికగా తీసుకోరాదు. శరీరంలో నిద్రాణంగా ఉన్న వైరస్ కీమో తరువాత విజృంభించి కాలేయాన్ని దెబ్బ తీయగలదు. ముందే తెలిస్తే మాత్రలతో అడ్డుకోవచ్చు. డాక్సోరూబిసిన్, ట్రాస్టుజుమాబ్ వంటి మందులకు ముందు గుండె ఎకో పరీక్ష అవసరం.

ఇవి కాక రోగి స్వయంగా చెప్పవలసినవి, అడగవలసినవి కొన్ని ఉన్నాయి.

* పుచ్చిన పళ్లు, చిగుళ్ల వాపు ఉంటే ముందే దంత వైద్యునికి చూపించాలి. కీమో మధ్యలో పన్ను పీకించడం ప్రమాదం.
* మధుమేహం ఉన్నవారు తప్పక చెప్పాలి. వాంతులు, అలర్జీ రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ రక్తంలో చక్కెరను పెంచుతుంది.
* పసర్లు, భస్మాలు, నాటు మందులు వాడుతుంటే దాచరాదు. కొన్ని కాలేయంపై భారం వేస్తాయి, కొన్ని కీమో మందు పనిని మార్చేస్తాయి.
* ఇంకా పిల్లలు కావాలనుకునే వయసువారు వీర్యం లేదా అండాలు భద్రపరచుకునే అవకాశం గురించి మొదటి విడతకు ముందే అడగాలి. తరువాత అడిగితే ఆలస్యమైనట్లే.
* ఇంట్లో థర్మామీటరు లేకపోతే ప్రయాణానికి ముందే కొనాలి.

ఆ రోజు ఆసుపత్రిలో..

ఖాళీ కడుపుతో వెళ్లనవసరం లేదు. ఇడ్లీ, అన్నం వంటి తేలికైన ఆహారం తీసుకోవచ్చు. ముందు రోజు రాత్రి వేసుకోమని మాత్రలిస్తే మానకూడదు. పోర్టు ఛాతీపై ఉంటుంది కాబట్టి ముందు గుండీలున్న చొక్కా, జాకెట్టు అనువుగా ఉంటాయి. సూది నొప్పికి భయపడేవారు గంట ముందు పూసుకునే మత్తు లేపనం గురించి అడగవచ్చు.

ముందుగా వాంతుల నివారణ మందు, సెలైన్ ఎక్కించి, ఆ తరువాత అసలు మందు మొదలుపెడతారు. కొన్ని గంటలు పడుతుంది. మందు మొదలైన కొద్ది నిమిషాల్లో ఒళ్లంతా వేడెక్కినట్లు, దురద, ఛాతీ బిగుతు, ఊపిరి ఆడనట్లు అనిపిస్తే వెంటనే నర్సును పిలవాలి. పోర్టు దగ్గర మంట, వాపు తోచినా మొహమాటపడరాదు. డాక్సోరూబిసిన్ తీసుకున్నవారికి ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగే, రక్తం కాదు. ఇంటికి వచ్చాక రెండు రోజుల పాటు రోగి వాంతి, మూత్రం శుభ్రం చేసేవారు చేతి తొడుగులు వేసుకోవాలి. గర్భిణులు ఆ పని చేయకూడదు.

జ్వరం వస్తే పొద్దున చూద్దామనవద్దు

చాలా మందులతో కీమో తరువాత 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు చీము, దగ్గు వంటి గుర్తులేవీ లేకుండా జ్వరం ఒక్కటే రావచ్చు. థర్మామీటరు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపితే అది అత్యవసర పరిస్థితి. అర్ధరాత్రి అయినా బయలుదేరాలి. పారాసెటమాల్ వేసుకుంటే జ్వరం తగ్గినట్లు కనిపిస్తుంది, లోపలి ఇన్‌ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఆసుపత్రికి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించాలన్నది వైద్య ప్రమాణం. పోర్టును శుభ్రం చేసిన, మందు ఎక్కించిన కొద్ది గంటల్లో వణుకుతో జ్వరం వస్తే పోర్టులోనే సూక్ష్మజీవులు చేరాయన్న అనుమానం కలగాలి.

చికిత్స హైదరాబాదులోనో, విశాఖలోనో జరిగి, ఇల్లు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నవారు ఒక ఏర్పాటు ముందే చేసుకోవాలి. రాత్రివేళ జ్వరం వస్తే దగ్గరలో ఏ ఆసుపత్రికి వెళ్లాలో తొలి విడత రోజునే వైద్యుడిని అడిగి కాగితంపై రాయించుకోవాలి. 108 సిబ్బందికి, అక్కడి వైద్యునికి చెప్పవలసిన మొదటి మాట 'కీమో నడుస్తోంది, పోర్టు ఉంది' అన్నదే.

ఖర్చు, రాయితీలు

ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో అదే పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతోంది. ఈ పథకాల కింద కీమోథెరపీ పొందవచ్చు. పోర్టు ఖర్చు ప్యాకేజీలో ఉందో, విడిగా కట్టాలో ఆసుపత్రిలోని పథకం కౌంటరులో ముందే తేల్చుకోవాలి. హైదరాబాదులోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ సమీపంలో టాటా మెమోరియల్ కేంద్రం నడుపుతున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి సామాన్యులకు ఆసరాగా ఉన్నాయి. చికిత్స కోసం రైలులో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఉంది. ఇందుకు ఆసుపత్రి ధ్రువపత్రం కావాలి. జిల్లా ఆసుపత్రులన్నింటిలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు నెలకొల్పుతామని 2025-26 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించారు. అవి పూర్తిగా పనిచేయడం మొదలైతే పోర్టు శుభ్రం చేయించుకోవడానికి నగరం దాకా వెళ్లే శ్రమ తగ్గుతుంది.

పోర్టు అమర్చినప్పుడు ఇచ్చే చిన్న కార్డును పారేయరాదు. దాని రకం, అమర్చిన తేదీ అందులో ఉంటాయి. సీటీ స్కాన్ మందును వేగంగా ఎక్కించడానికి ఆ పోర్టు పనికొస్తుందా లేదా అన్నది ఆ కార్డు చూసే తెలుసుకుంటారు. చికిత్స ముగిసి, ఇక అవసరం లేదని వైద్యులు చెప్పాక చిన్న కోతతో పోర్టును తీసేస్తారు. అంతవరకు ఆ కార్డు, థర్మామీటరు, ఆసుపత్రి ఫోను నంబరు ఇంట్లో అందరికీ తెలిసిన ఒకేచోట ఉండాలి.