ఇంటిపనిలో వినిపించే దేవుని మాట



మన తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 1960 ఏప్రిల్‌లో సరిహద్దు మారి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది కాని, మన వంటింటి భాష మాత్రం మారలేదు. రెండు భాషల మధ్య పిల్లలకు పాఠాలు చెప్పే నాకు అప్పుడప్పుడు కొన్ని మాటలు ఆశ్చర్యం కలిగిస్తాయి. తమిళంలో ‘పెరుక్కు’ అంటే ఇల్లు ఊడవడం. లెక్కల్లో హెచ్చవేయడానికీ అదే మాట. ‘విళక్కు’ అంటే దీపం. గిన్నెలు తోమడాన్నీ, ఒక విషయాన్ని విడమరచి చెప్పడాన్నీ ఆ మాటతోనే అంటారు. చీపురు, దీపం, అంట్లు, పాఠం - ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నట్లు లేదూ?

యేసుప్రభువు చెప్పిన ఉపమానాలు కూడా ఇలాంటివే. ఆయన మాట్లాడింది పాతబట్టకు మాసిక వేయడం గురించి, పిండి పులియడం గురించి, దీపం ఎక్కడ పెట్టాలన్న దాని గురించి. దీపాన్ని కొలపాత్ర కింద దాచరు అన్నచోట, తెలుగు బైబిలు ఆ పాత్రను కుంచం అంది, తమిళ బైబిలు మరక్కాల్ అంది. రెండూ మన ఇళ్ళలో ధాన్యం కొలిచినవే.

లూకా సువార్త 15వ అధ్యాయం చూడండి. ఒక స్త్రీ దగ్గర పది వెండి నాణేలుంటాయి. ఒకటి పోతుంది. ఆ నాణెం విలువ ఆ కాలంలో కూలివాని ఒకరోజు కూలి. ఆమె దీపం వెలిగిస్తుంది, ఇల్లు ఊడుస్తుంది, దొరికేదాకా వెదుకుతుంది. అదే అధ్యాయంలో తప్పిపోయిన గొర్రె కథా ఉంది, ఇల్లు విడిచిపోయిన కొడుకు కథా ఉంది. గొర్రె అరవగలదు. కొడుకు బుద్ధి తెచ్చుకొని తిరిగి రాగలడు. నాణెం మాత్రం నోరెత్తదు, కదలదు, తాను పోయానని దానికి తెలియనైనా తెలియదు. పైగా అది పోయింది అడవిలో కాదు, ఇంట్లోనే. తరగతిలో వెనకబెంచీలో మాట్లాడకుండా కూర్చునే పిల్లవాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఈ కథ గుర్తుకొస్తుంది. అల్లరివాణ్ణి అందరూ పట్టించుకుంటారు. మౌనంగా ఉన్నవాడి కోసం ఎవరో ఒకరు వంగి, మూలమూలలా వెదకాలి. ఊడ్చేటప్పుడు మంచంకింద కూడా చూసే చెయ్యి దేవుని చెయ్యి వంటిదని ఈ కథ చెబుతోంది.

ఇక పిండి సంగతి. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో ఒక స్త్రీ మూడు కుంచాల పిండిలో కొంచెం పులిసిన పిండి కలుపుతుంది. ఆ మూడు కొలతలు మన లెక్కలో ముప్పై లీటర్లకు పైమాటే. అంటే ఒక ఇంటికి కాదు, ఊరికి పెట్టేంత రొట్టె. మన ఇళ్ళలో ఇడ్లీ పిండి కథ ఇదే. మినప్పప్పును, బియ్యాన్ని అంటిపెట్టుకొని ఉండే సూక్ష్మజీవులు రాత్రంతా పనిచేసి, పుట్టించిన వాయువుతో పిండిని పొంగిస్తాయి. రుబ్బడం, కలపడం మన పని. ఆ తరువాత మూతపెట్టి నిద్రపోవాలి. మార్గశిరపు చలిలో పిండి త్వరగా పొంగదు. అలాగని గంటకోసారి మూత తీసి చూస్తే ప్రయోజనం లేదు. పిల్లల పెంపకంలోనూ, ప్రార్థనలోనూ మన చెయ్యి ఆగిన తరువాతే జరిగే పని ఒకటుంది.

ఈ మాటలన్నీ కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో చెప్పాను. మార్త, మరియల కథ కూడా చెప్పాను. మార్త పనితో సతమతమైందనీ, మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని మంచిదాన్ని ఎంచుకుందనీ వివరించాను. ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటే మా ఇంటావిడ అన్నం వడ్డిస్తూ మెల్లగా అడిగింది. “అంతా బాగానే చెప్పారండీ. మరి ఆ పూట వంట ఎవరు చేశారు?”

నా దగ్గర జవాబు లేదు. ఆ తరువాత నెలలోనే ఆమెకు చికున్‌గున్యా జ్వరం వచ్చింది. జ్వరం తగ్గినా కీళ్ళనొప్పులు తగ్గలేదు. చెంబు కూడా పట్టుకోలేకపోయింది. మూడు వారాలు ఇంటిపని నా మీద పడింది. నిజం చెబుతున్నాను, మొదటిరోజు అంట్ల ముందు కూర్చుంటే నాకు ఏ ఆత్మీయ పాఠమూ తోచలేదు. నడుంనొప్పి మాత్రం తెలిసింది. తోమిన గిన్నె సాయంత్రానికి మళ్ళీ అంటు అవుతుందని తెలిసింది. చేసినప్పుడు ఎవరికీ కనబడని పని, చేయనప్పుడు అందరికీ కనబడుతుందనీ తెలిసింది.

17వ శతాబ్దంలో పారిస్ నగరపు కార్మెలైట్ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి ఉండేవాడు. పూర్వం సైనికుడు, గాయపడి కాలు కుంటుపడినవాడు. మఠంలో అతనికి వంటింటి పని ఇచ్చారు. ఆ పనంటే అతనికి సహజంగా అయిష్టం. అయినా దేవుని మీది ప్రేమతో చేయడం అలవాటు చేసుకున్నాడు. గుడిలో మోకరించినప్పుడు ఎంత దగ్గరగా ఉంటాడో, గిన్నెల చప్పుడు మధ్యనా దేవుడు అంతే దగ్గరగా ఉంటాడని అతను కనుగొన్నాడు. 1691లో అతను మరణించాక ఆ మాటలు, ఉత్తరాలు పుస్తకంగా వెలువడి నేటికీ చదవబడుతున్నాయి. ఒక విషయం గమనించండి. అతను ఈ పాఠాన్ని ఇంకొకరు గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి చెప్పలేదు. తానే తోముతూ నేర్చుకున్నాడు.

ప్రభువు కూడా అంతే. చివరి రాత్రి నడుముకు తువాలు కట్టుకొని, పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల కాళ్ళు కడిగాడు. అది ఆనాడు సేవకుల పని. పునరుత్థానం తరువాత, రాత్రంతా వలవేసి అలసిన శిష్యులు ఒడ్డుకు వచ్చేసరికి నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టెతో సిద్ధంగా ఉన్నాడు. కాట్టుపల్లి తీరంలో వేకువన పడవ దిగే మనిషికి ఆ పిలుపు విలువ వేరే చెప్పనక్కరలేదు. మరణాన్ని జయించినవాడు పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

మా ఇంటావిడ ప్రశ్నకు జవాబు నాకు అక్కడ దొరికింది. మరియ కూర్చోవాలంటే ఇంకొకరు లేవాలి. ఇంటిపని భక్తి అని ఆడవాళ్ళకు ఉపదేశించి, మనం పీట మీద కూర్చుంటే, అది ఉపదేశం కాదు, బరువు. ఆ పనిలో దేవుని మాట వినాలనుకునేవారు ముందు చెయ్యి తడుపుకోవాలి.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి అంట్లు నావి. ఆ వేళకు ఆమె దీపం దగ్గర కూర్చుని బైబిలు చదువుకుంటుంది. కొన్ని వాక్యాలు పైకి చదువుతుంది. తోముతూ వింటాను. విళక్కు అన్న మాటకు మూడు అర్థాలూ ఆ పూట మా ఇంట్లో ఒకచోటే ఉంటాయి.