సంస్థాగత వనరుల ప్రణాళిక

సంస్థాగత వనరుల ప్రణాళిక అనగా ఒక సంస్థలోని కొనుగోలు, ఉత్పత్తి, సరుకు నిల్వ, అమ్మకము, జీతములు, పద్దులు మొదలైన పనులన్నింటిని ఒకే డేటాబేసు ఆధారముగా నడుపు సాఫ్టువేరు. దీనిని ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్ అనియు, క్లుప్తముగా ఈఆర్‌పీ అనియు అందురు. ఒకచోట ఒకసారి వ్రాసిన వివరమును అన్ని విభాగములును వాడుకొనుట దీని మూలసూత్రము.

చరిత్ర

1964లో అమెరికాలో జోసెఫ్ ఓర్లికీ అను ఇంజనీరు కర్మాగారమునకు కావలసిన ముడిసరుకులను లెక్కగట్టు ఎమ్మార్పీ పద్ధతిని రూపొందించెను. సరుకుల పొట్లములపై అచ్చువేయు ఎమ్మార్పీకిని దీనికిని సంబంధము లేదు. 1983లో ఆలివర్ వైట్ దీనిని ఉత్పత్తి వనరులన్నింటికిని విస్తరింపజేసెను. 1990లో గార్ట్‌నర్ సంస్థ ఈఆర్‌పీ అను పేరును వాడుకలోనికి తెచ్చినది. 1972లో జర్మనీలో స్థాపింపబడిన శాప్ సంస్థ ఈ రంగములో ప్రసిద్ధమైనది.

పనిచేయు విధానము

ఒక చిన్న కర్మాగారమునకు 100 నీటి పంపుల ఆర్డరు వచ్చినదనుకొందము. పంపునకు 8 చొప్పున 800 బోల్టులు కావలెను. గోదాములో 300 ఉన్నవి. ఇదివరకే ఆర్డరు చేసిన 200 రావలసియున్నవి. కావున ఇంకను 300 కొనవలెనని సాఫ్టువేరు తెలుపును. సరఫరాకు 10 రోజులు పట్టునని నమోదై ఉన్నచో, ఎప్పటిలోగా ఆర్డరు చేయవలెనో కూడ చెప్పును. సరుకు చేరినట్లు గోదాములో నమోదు చేయగానే నిల్వ పెరుగును. సరఫరాదారునకు ఇవ్వవలసిన బాకీ పద్దులలో చేరును.

అయితే లెక్కలో 300 అని ఉన్నను, గోదాములో నిజముగా 250 మాత్రమే ఉన్నచో సాఫ్టువేరు దానిని కనిపెట్టజాలదు. 93 పంపులు పూర్తియైన పిదప బోల్టులు చాలక పని ఆగిపోవును. కావున వాడిన ప్రతి వస్తువును వెంటనే వ్రాయు అలవాటు లేనిచోట ఈఆర్‌పీ వలన ప్రయోజనము స్వల్పము.

చిన్న, మధ్యతరహా సంస్థలు

చిన్న సంస్థల మూలధనము తరచుగా నిల్వ సరుకులోను, రావలసిన బాకీలలోను చిక్కుకొనియుండును. ఈ రెండింటిని ఏ రోజుకారోజు చూపుట ఈఆర్‌పీ వలన కలుగు ముఖ్యమైన లాభము. 1986లో పద్దుల సాఫ్టువేరుగా మొదలైన టాలీ, 2009లో టాలీ.ఈఆర్‌పీ 9 గాను, 2020లో టాలీప్రైమ్ గాను వెలువడినది. భారతదేశములో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు. బెల్జియమునకు చెందిన ఓడూకు కూడ ఓపెన్ సోర్స్ కూర్పు కలదు. లైసెన్సు ఉచితమైనను పాత వివరముల ఎక్కింపు, సిబ్బంది శిక్షణ, మరమ్మతులు ఖర్చుతో కూడిన పనులే.

భారతదేశములో కంపెనీల చట్టము క్రింద నమోదైన కంపెనీలు వాడు పద్దుల సాఫ్టువేరు, ప్రతి మార్పును తేదీతో సహా భద్రపరచవలెనను నిబంధన 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. చిన్న కంపెనీలకును ఇది వర్తించును.

జాగ్రత్తలు

1999లో అమెరికాలోని హెర్షీ చాక్లెట్ల సంస్థ పండుగ అమ్మకములకు కొద్ది నెలల ముందు కొత్త వ్యవస్థకు మారినది. గోదాములలో సరుకు ఉన్నను సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లను సకాలములో అందించలేకపోయినది. పెద్ద సంస్థ అట్టి దెబ్బకు తట్టుకొనగలదు. చిన్న సంస్థకు ఒక్క సీజను నష్టమే మూతబడుటకు కారణము కావచ్చును. కావున:

* అమ్మకములు మందముగా ఉండు నెలలలో మార్పును ప్రారంభించవలెను.
* ముందుగా గోదాములోని సరుకును చేతితో లెక్కించి, ఆ అంకెలనే ఎక్కించవలెను.
* అన్ని విభాగములను ఒకేసారి గాక ఒక్కొక్కటిగా చేర్చవలెను.
* కొంతకాలము పాత పుస్తకములను కూడ వ్రాయుచు, రెండు లెక్కలను సరిపోల్చవలెను.
* వేరొక సాఫ్టువేరునకు మారవలసివచ్చినచో వివరములన్నియు తిరిగి పొందు వీలు ఉన్నదో లేదో కొనుటకు ముందే తెలిసికొనవలెను.