చామంతి మొక్కకూ వేలిముద్ర!

కడియం నర్సరీల్లో రెండు రకాల చామంతి పిలకలు పక్కపక్కనే పెట్టి, ఏది పసుపు పూస్తుందో, ఏది తెలుపు పూస్తుందో చెప్పమంటే అనుభవం ఉన్నవాళ్లయినా తడబడొచ్చు. అడిగిన రకం కాకుండా ఇంకోటి అంటగడితే ఆ సంగతి రైతుకి పూత వచ్చాకే తెలుస్తుంది. అప్పటికి సీజన్ అయిపోతుంది. డీఎన్‌ఏ మార్కర్లకు పూతతో పనిలేదు, లేత ఆకు చాలు.

ఆకు నుంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ యంత్రంలో కొన్ని ముక్కల్ని లక్షల కాపీలు చేస్తారు. జెల్‌లో పెట్టి కరెంటు పంపితే ముక్కలు సైజుల వారీగా విడిపోయి గీతల్లా కనిపిస్తాయి. గీత ఉంటే 1, లేకపోతే 0. సీఎస్‌ఈ వాళ్లూ, ఇక్కడి నుంచి మన ఏరియానే! రెండు రకాల్లో కలిపి 50 గీతలుండి, వాటిలో 40 ఉమ్మడివైతే జకార్డ్ గుణకం 0.8. ఇలాంటి అంకెలతో పైథాన్‌లోనో, ఆర్‌లోనో రకాల చుట్టరికాల చెట్టు గీసేయొచ్చు.

అయితే చామంతి అంత తేలిగ్గా లొంగదు. మనకు క్రోమోజోములు రెండు సెట్లయితే, సాగులో ఉన్న చామంతికి సాధారణంగా ఆరు సెట్లు, మొత్తం 54. రెండు సెట్ల జీవుల కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ని గుడ్డిగా నడిపితే లెక్క తప్పుతుంది.

అసలు చిక్కు ఇంకోటుంది. ఒక్కోసారి ఒక కొమ్మకే వేరే రంగు పూస్తుంది. దీన్ని స్పోర్ట్ అంటారు. ఆ కొమ్మను నాటితే కొత్త రకం తయారు. 1990ల్లో నెదర్లాండ్స్ పరిశోధకులు పరీక్షిస్తే, వేర్వేరు రకాలు సులువుగా విడిపోయాయి. ఒకే తల్లి నుంచి స్పోర్టులుగా వచ్చినవి మాత్రం ఒకే నమూనా చూపించాయి. మన దేశంలోనూ 2001 చట్టం కింద కొత్త రకంపై హక్కు కావాలంటే ప్రధానంగా తోటలో కనిపించే లక్షణాలే చూస్తారు. పూల మొక్కలకు ఆ హక్కు 15 ఏళ్లు.

ఉద్యోగాల మాటకొస్తే, పుణెలోని పూల పరిశోధన సంస్థ, బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ లాంటి చోట్ల ప్రాజెక్టులుంటాయి. పూల మీదే బతుకుదామంటే అవకాశాలు తక్కువే. కానీ ఇదే నైపుణ్యం మొక్కజొన్న, కూరగాయల విత్తన కంపెనీల ల్యాబుల్లోనూ పనికొస్తుంది. బయోటెక్ పీజీ చేయాలనుకుంటే గ్యాట్-బి పరీక్ష ఉంది. వేలు పోసి సర్టిఫికెట్ కోర్సులో చేరేముందు, ఎన్‌సీబీఐలో ఉచితంగా దొరికే మొక్కల డేటా దించుకుని ఒక చెట్టు గీసి చూడండి.

ఇంటర్వ్యూలో “గుణకం 1 వచ్చింది, రెండూ ఒకే రకమేనా?” అని అడిగారనుకోండి. “కావచ్చు, స్పోర్ట్ కూడా కావచ్చు. ఇంకొన్ని మార్కర్లు వేసి, పూయించి చూడాలి” అని చెప్పండి.